సరస్సు ఒడ్డున గుడారం వేసిన చిత్రకారుడు - టామ్ థామ్సన్



చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్ళు, ఏ ఉద్యోగంలోనూ కుదురుకోలేని వాళ్ళు జీవితంలో పైకి రాలేరని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదని చెప్పడానికి కెనడా దేశపు చిత్రకారుడు టామ్ థామ్సన్ జీవితమే ఉదాహరణ.

టామ్ థామ్సన్ 1877 ఆగస్టు 5న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. పదిమంది సంతానంలో ఆయన ఆరవవారు. చిన్నప్పుడు అనారోగ్యం వల్ల కొంతకాలం బడి మానవలసి వచ్చింది. పెద్దయ్యాక ఇనుప సామాన్ల కార్ఖానాలో పని నేర్చుకోబోయి మానేశారు. సైన్యంలో చేరాలనుకుంటే ఆరోగ్యం బాగాలేదని తీసుకోలేదు. చివరకు టొరంటో నగరంలో ప్రకటనలకు బొమ్మలు, అక్షరాలు గీసే కంపెనీలో ఉద్యోగం దొరికింది. చిత్రకళలో చెప్పుకోదగిన శిక్షణ ఏమీ లేకపోయినా, తోటి ఉద్యోగులను చూసి నేర్చుకున్నారు.

1912లో ఆయన మొదటిసారి అల్గాంక్విన్ పార్కుకు వెళ్ళారు. అది వందలాది సరస్సులున్న దట్టమైన అడవి. అప్పటికి ఆయన వయస్సు 34 సంవత్సరాలు. అక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది.

చిన్న పడవ, గుడారం, దుప్పట్లు, గాలం, రంగుల పెట్టె. ఇవే ఆయన ఆస్తి. ఒక సరస్సు దాటగానే పడవను తలకిందులుగా భుజాలకెత్తుకొని అడవి దారిన నడిచి, తరువాతి సరస్సులో దించేవారు. నచ్చిన ఒడ్డున గుడారం వేసేవారు. చేపలు పట్టుకొని నిప్పుల మీద వండుకొనేవారు. చలి, వాన, దోమలు అన్నీ ఓర్చుకొని, మన నోటు పుస్తకమంత చెక్క పలకల మీద సూర్యాస్తమయాలను, తుఫాను మబ్బులను, మంచు కరిగే నీళ్ళను అక్కడికక్కడే చిత్రించేవారు. చలికాలంలో టొరంటోకు తిరిగి వచ్చి, ఒక పాత షెడ్డులో ఉంటూ వాటిలో కొన్నింటిని పెద్ద చిత్రాలుగా వేసేవారు.

1913లో ఒంటారియో ప్రభుత్వం ఆయన చిత్రాన్ని 250 డాలర్లకు కొన్నది. డాక్టర్ మెక్‌కలమ్ అనే కంటి వైద్యుడు ఒక సంవత్సరం ఖర్చులు భరిస్తానని ముందుకు రావడంతో ఉద్యోగం మానుకొన్నారు. అయినా డబ్బుకు ఇబ్బంది తప్పలేదు. అడవిలో గైడుగా పనిచేశారు. 1916లో అడవికి నిప్పు అంటుకోకుండా కాపలా కాసే ఉద్యోగం చేస్తూనే, గ్రాండ్ లేక్ ఒడ్డున ఒంటరిగా నిలిచిన పైన్ చెట్టును చిత్రించారు. 'జాక్ పైన్' అనే ఆ చిత్రం నేడు కెనడా జాతీయ చిత్రశాలలో ఉన్నది.

1917 జూలై 8న కనూ లేక్‌లో ఒంటరిగా పడవ మీద వెళ్ళిన థామ్సన్ తిరిగి రాలేదు. ఎనిమిది రోజుల తరువాత ఆయన మృతదేహం నీటిలో కనిపించింది. ప్రమాదమని అధికారులు తేల్చినా, ఆ మరణంపై అనుమానాలు నేటికీ తీరలేదు. నలభై ఏళ్ళు నిండడానికి ఇంకా నెల కూడా లేదు. చిత్రకారుడిగా ఆయనకు దొరికింది సుమారు ఐదేళ్ళే. ఆ కొద్దికాలంలోనే దాదాపు 400 చిన్న చిత్రాలు వేశారు. ఆయన మిత్రులు 1920లో 'గ్రూప్ ఆఫ్ సెవెన్' పేరుతో ఏకమై, ఆయన చూపిన దారిలో కెనడా చిత్రకళకు కొత్త రూపం ఇచ్చారు.

మిత్రులారా! ఆయన గుడారం వేసుకొనే చోటనే మిత్రులు రాళ్ళు పేర్చి స్మారకం కట్టారు. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటితో హాస్టల్‌కు వచ్చిన మనకు ఆయన జీవితం ఒక మాట చెబుతుంది. సామాను తక్కువైనా, ఆలస్యంగా మొదలుపెట్టినా ఫరవాలేదు. మనకు నచ్చిన పనిని గుర్తించి, దాన్ని వదలకుండా చేయడమే ముఖ్యం.