సభ యెదుట నిలిచిన జాషువ గారు



క్రిస్మస్ రాత్రి మన రుద్రూరు సంఘములో చిన్నపిల్లలు మొదటిసారి వేదిక ఎక్కుదురు. తెర వెనుక తలపాగా సరిచేసికొనుచు వణకుచున్న చిన్న గొల్లవానిని చూచినప్పుడెల్ల మాకు మహాకవి గుఱ్ఱం జాషువ గారు జ్ఞాపకమునకు వచ్చుదురు. డయాసిస్ శతవార్షిక సంచికలో వారి జీవితమును తలచుకొనుట మనకు మేలని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జాషువ గారు 1895 సెప్టెంబరు 28న పల్నాటి ప్రాంతములోని వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ కులస్థురాలు. చిన్ననాటనే వారు కులభేదపు చేదును చవిచూచిరి. నెలకు మూడు రూపాయల జీతముపై బారేపల్లి బడిలో ఉపాధ్యాయులైరి. ఆ పని పోగా రాజమండ్రి చేరి, 1915-16లో సినిమా వాచకులుగా పనిచేసిరి. అవి మూకీ చిత్రముల దినములు. తెరపై బొమ్మలు కదలుచుండగా వాటికి తగినట్లు కథను, సంభాషణలను చదివి వినిపించుటయే ఆ ఉద్యోగము.

ప్రజల చూపు తెరపైన, చెవి ఆయన గొంతుపైన! ఆ గొంతు ఎవరిదని గాని, ఆయన కులమేదని గాని అడుగవలసిన పని ప్రేక్షకులకు లేదు. అయితే వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన స్వయముగా నిలిచి తన పద్యములు చదివినప్పుడు, తక్కువ కులమువానిని సభలోనికి ఎందుకు రానిచ్చితిరని కొందరు ఆక్షేపించి అవమానించిరి. పద్యములో దోషము వారికి కనబడలేదు, కవి పుట్టుకలోనే కనబడినది.

ఇచట మనమును తల వంచవలెను. హిందూ గాథలను కావ్యములుగా వ్రాయుచున్నాడని క్రైస్తవ సమాజము కూడ ఆయనను వెలివేసినది. ఇరువైపులా తలుపులు మూసినను ఆయన కలము నిలువలేదు. గుంటూరులో లూథరన్ సంఘపు ఉపాధ్యాయ శిక్షణాలయమున పదియేండ్లు బోధించిరి. 1941లో వెలువడిన గబ్బిలము కావ్యములో, గుడిలోనికి పోలేని పేదవాడు గబ్బిలముచేత తన మొరను శివునికి పంపును. సభలో తనకు దొరకని చోటును ఆయన కావ్యములో ఆ పేదవానికి ఇచ్చిరి.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారంతటి పండితులు నిండు సభలో జాషువ గారి కాలికి గండపెండేరము తొడిగిరి. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ లభించినవి.  1971 జూలై 24న ఆయన కన్నుమూసిరి.

మా తప్పును కూడ ఒప్పుకొందుము. ఒక సంవత్సరము క్రిస్మస్ నాటకమునకు పిల్లలను ఎంచునప్పుడు, మంచి బట్టలున్నవారిని ముందు నిలిపి, లేనివారిని పాటల గుంపులో వెనుకకు నెట్టితిమి. వారిలో ఒకడు మరల వేదిక దరికి రాలేదు. యాకోబు పత్రికపై ఎన్నో ప్రసంగములు చేసిన మాకు ఆనాడు ఆ పత్రిక గుర్తురాలేదు.

కాబట్టి ప్రియులారా, వచ్చే క్రిస్మస్‌కు తెర వెనుక వణకుచున్న బిడ్డను చూచినప్పుడు, వాడు ఎవరి కొడుకని అడుగకుందుము. వాని చేయి పట్టి వేదిక ఎక్కింతము. వాడు మాట మరచినను, మరల అందుకొనువరకు ఓపికతో కాచుకొని కూర్చుందుము.