మతిమరుపు వెనుక జబ్బును చూసిన డాక్టర్

గజపతినగరంలో మా ఓపీకి పెద్దవాళ్లను బీపీకో, షుగరుకో తీసుకొస్తారు. మతిమరుపు కోసమే తీసుకొచ్చేవారు అరుదు. వయసు మీద పడితే మామూలే కదా అని సరిపెట్టుకుంటారు. అది జబ్బు కూడా కావచ్చని చూపిన వైద్యుడు అలాయిస్ అల్జీమర్.

ఆయన 1864 జూన్ 14న జర్మనీలోని మార్క్‌ట్‌బ్రైట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేరారు. రోగులతో ఓపిగ్గా మాట్లాడటం, ఆపై మైక్రోస్కోపు ముందు కూర్చోవడం ఆయన పద్ధతి. 1901లో భార్య చనిపోయి, ముగ్గురు చిన్నపిల్లలతో మిగిలారు. ఆ నవంబరులోనే ఆగుస్ట డేటర్ అనే 51 ఏళ్ల మహిళ ఆసుపత్రిలో చేరింది.

భర్త పేరు అడిగితే ఆమె తన పేరే చెప్పింది. కాలీఫ్లవర్ తింటూ పాలకూర అంది. పేరు రాయమంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. అల్జీమర్ ఆ ప్రశ్నలూ జవాబులూ అన్నీ రాసి పెట్టుకున్నారు. తర్వాత మ్యూనిక్ వెళ్లినా ఆమెను మరిచిపోలేదు. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించాక మెదడును అక్కడికే తెప్పించుకున్నారు.

పలుచటి పొరలుగా కోసి, వెండి లవణంతో రంగు పట్టించి చూశారు. నాడీకణాల మధ్య మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఆ నవంబరులో వైద్యుల సభలో వివరిస్తే ఒక్కరూ ప్రశ్న అడగలేదు. 1910లో క్రెపెలిన్ అనే ఆచార్యుడు తన పాఠ్యపుస్తకంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు. ఆ పేరు లోకమంతా మారుమోగేదాకా ఆయన బతకలేదు. 1915 డిసెంబరు 19న, 51 ఏళ్లకే కన్నుమూశారు. ఆగుస్ట ఆసుపత్రిలో చేరిన వయసూ అదే.

ఆయనకు మచ్చలు కనిపించింది రోగి పోయాకే. 1959లో థయోఫ్లావిన్-టి అనే పసుపు రంగు ఇలాంటి అమిలాయిడ్ ప్రొటీన్‌కు అంటుకుని ప్రత్యేక మైక్రోస్కోపు కింద మెరుస్తుందని తేలింది. అయితే ఆ మెరుపు పుర్రె దాటి బయటకు రాదు. అందుకే ఆ అణువును కొద్దిగా మార్చి, రేడియోధార్మిక కార్బన్ జోడించారు. అలా 2004లో బతికున్న రోగుల మెదడులోని మచ్చలను పెట్ స్కాన్‌లో చూపగలిగారు. పుర్రెను దాటగల పరారుణ కాంతితో మెరిసే రంగులపై ఎలుకల్లో పరిశోధనలు సాగుతున్నాయి.

ఆ స్కాన్ అందరికీ అవసరం లేదు. మొదటి పరీక్ష అల్జీమర్ చేసినదే: ఎదురుగా కూర్చుని మాట్లాడటం. అమ్మగారో నాన్నగారో అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా, తెలిసిన దారి తప్పుతున్నా, డబ్బు లెక్కలో తడబడుతున్నా డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా మతిమరుపు వస్తుంది. వాటికి మందులున్నాయి. అల్జీమర్స్ అని తేలినా, ముందే తెలిస్తే వారిని ఎలా చూసుకోవాలో ఇంటిల్లిపాదీ సిద్ధపడవచ్చు.