క్రిస్మస్ తాత అసలు ఎవరు?

మనకు చాక్లెట్లు పంచే క్రిస్మస్ తాత వట్టి వేషం కాదు. ఆయన అసలు పేరు నికొలస్. సుమారు 1,700 సంవత్సరాల క్రితం, ఇప్పటి టర్కీ దేశంలోని మైరా పట్టణంలో బిషప్‌గా ఉండేవారు.

అక్కడ ఒక పేదవానికి ముగ్గురు కూతుర్లు. కట్నం లేక పెళ్లిళ్లు కాలేదు. వారిని అమ్ముకోవలసిన గతి వచ్చింది. నికొలస్ రాత్రిపూట ఎవరికీ కనబడకుండా ఆ ఇంట్లో బంగారం మూట పడేసి వెళ్లిపోయేరట. అలా మూడుసార్లు, ముగ్గురికీ. ఈ కథను పెద్దలు ఇప్పటికీ చెప్తారు.

డిసెంబరు 6 ఆయన పండుగ. డచ్ వారు ఆయనను సింటర్‌క్లాస్ అన్నారు. అమెరికా వెళ్లి ఆ పేరే శాంటాక్లాజ్ అయింది.

మా సవరల్లో మగపెళ్లివారే ఓలి ఇస్తారు. ఈమధ్య మా ఊర్లో కూడా కొందరు కట్నం అడుగుతున్నారు. తాత ఇచ్చిన బహుమానం బొమ్మలు కాదు, ఆడపిల్లల బతుకు. అది మరిచిపోకండి.