యంత్రమును విప్పి చదివిన నాయుడుగారు

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ప్రత్తి చేలకు, మిరప తోటలకు పోవు బాటలమీద మోటారు సైకిలు నేడు సర్వసామాన్యమైన వాహనము. ఒక్కొక్కప్పుడు దాని దీపము మినుకుమినుకుమనును, హారను మూగవోవును. బ్యాటరీ చెడినదని తలంచి కొందరు క్రొత్తది కొందురు. కొన్నాళ్లకు అదియు అట్లే నీరసించును. లోపమును ఊహింపక వెదకి కనుగొనవలెనని తన జీవితముచే చాటిన తెలుగువాడొకడు కలడు. ఆయనయే జి. డి. నాయుడుగారు.

ఆయన 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామములో ఒక తెలుగు కుటుంబమున జన్మించెను. బడిచదువుపై ఆయనకు మక్కువ లేకపోయెను. అది ప్రాథమిక తరగతులతోనే ముగిసెను. ఒకనాడు ఒక ఆంగ్లేయాధికారి రడ్జి మోటారు సైకిలుపై పోవుచుండగా ఆయన చూచెను. ఎద్దులు లేక, గుఱ్ఱము లేక తనంతట పరుగెత్తు ఆ వాహనము ఆయన మనస్సును హరించెను. దానిని సంపాదింపవలెనని కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరెను. జీతములో మిగిల్చిన పైకముతో కడకు మోటారు సైకిలును కొనెను.

ఎక్కి తిరుగుటతో ఆయనకు తృప్తి కలుగలేదు. దానిని విప్పెను. ఒక్క మర చోటు తప్పినను కష్టార్జితమంతయు ఇనుపముక్కల ప్రోగుగా మిగిలియుండెడిది. అయినను ఏ భాగము ఎచ్చటిదో గుర్తెరిగి, వరుస తప్పక మరల బిగించెను. ఆ విధముగా యంత్రమే ఆయనకు గురువయ్యెను.

ఆనాటి మోటారు సైకిళ్లలో అధికభాగమునకు బ్యాటరీ లేదు. మాగ్నెటో అను సాధనమే ఇంజనుకు నిప్పురవ్వను ఇచ్చుచుండెను. అయస్కాంతము, తీగచుట్ట ఒకదానియెదుట ఒకటి కదలినప్పుడు విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే నిరూపించెను. నేటి వాహనములలో బ్యాటరీని నింపు ఏర్పాటునకును ఇదియే మూలము. ఇంజను తిరిగినప్పుడు అయస్కాంతములు తీగచుట్ట చుట్టును తిరుగును. అందు పుట్టిన విద్యుత్తును రెక్టిఫైయరు ఒకే దిశకు మరల్చి బ్యాటరీకి పంపును.

కావున పరీక్షకును ఒక వరుస కలదు. మొదట బ్యాటరీ కొనలకు చిలుము పట్టినదేమో, తీగలు వదులైనవేమో చూడవలెను. పిదప మీటరుతో వోల్టులు కొలువవలెను. ఇంజను వేగముగా తిరుగునప్పుడు 12 వోల్టుల బ్యాటరీవద్ద సుమారు 14 వోల్టులు కనబడవలెను. అంక పెరుగనిచో తీగల అతుకులను, రెక్టిఫైయరును, తీగచుట్టను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను.

నాయుడుగారు 1920లో ఒక బస్సును కొని, పొళ్లాచ్చి, పళని పట్టణముల నడుమ స్వయముగా నడిపెను. అదియే క్రమముగా యూనివర్సల్ మోటారు సర్వీసు అను గొప్ప సంస్థగా పెరిగెను. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి స్వదేశములోనే విద్యుత్ మోటారును నిర్మించెను. యువకులకు పనితనము నేర్పుటకై సాంకేతిక విద్యాలయమునకు ధనమిచ్చెను. 1974 జనవరి 4వ తేదీన కీర్తిశేషుడయ్యెను.

విద్యార్థులారా! మీ యింటి వాహనము మూగవోయినప్పుడు క్రొత్త వస్తువు కొనుటకు ముందు నాయుడుగారిని తలంచుడు. ఓర్పుతో, వరుసతో వెదకువానికి యంత్రము తన లోపమును తానే చూపును.