కొండ రాజ్యపు అమీర్ రెండవ బషీర్ షిహాబ్

మన చరిత్ర పుస్తకాల్లో తురుష్కుల ఒట్టోమాన్ సామ్రాజ్యం పేరు వస్తుంది గాని, దాని కింద కొండల్ని ఏలిన అరబ్బు కుటుంబాల ఊసు రాదు. లెబనాన్ పర్వత ప్రాంతాన్ని అలా ఏలినవారు షిహాబ్ వంశస్థులు. 1697లో మఅన్ వంశం మగ సంతానం లేక ఆగిపోతే, కొండ పెద్దలు సమావేశమై వీరిని ఎన్నుకున్నారు. అమీర్ అని పిలిచినా పని మాత్రం మన జమీందార్ల వంటిదే. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి పాషాలకు కట్టాలి. కట్టకపోతే పదవి పోతుంది.

ఈ వంశంలో రెండవ బషీర్ 1767లో గజీర్ గ్రామంలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పెద్ద వంశమైనా చేతిలో డబ్బు లేదు. షమ్స్ అనే ధనవంతురాలైన వితంతువును పెళ్ళాడాక ఆయన దశ తిరిగింది. అక్కా కోట నుండి పెత్తనం చేసే జజ్జార్ పాషా అండతో ఇరవై ఏళ్ళు దాటగానే అమీర్ అయ్యాడు. ఆ పాషా దయ నిలకడలేనిది. 1804లో అతడు చనిపోయేవరకు బషీర్‌కు పదవి వస్తూ పోతూ ఉండేది.

ఆ భయమే ఆయన్ని కఠినుణ్ణి చేసిందేమో! 1807లో తన పోటీదారులైన దాయాదుల కళ్ళు పీకించాడు. ఇది క్షమించరాని పని. తనకు ఎంతో తోడ్పడిన డ్రూజ్ నాయకుడు బషీర్ జుంబ్లాత్ 1825లో ఎదురుతిరిగి ఓడితే, అతని ప్రాణాలు అక్కాలో పోయాయి.

బైతుద్దీన్‌లో ఆయన కట్టించిన భవనం ముప్ఫై ఏళ్ళు సాగింది. సఫా ఊట నుండి అక్కడికి నీటి కాలువ తవ్వించాడు. ఒక్కొక్కరు రెండేసి రోజులు కూలి లేకుండా పనిచేశారంటారు. మన తాతల మాటలో అది వెట్టి! అదే కొలువులో నాసిఫ్ అల్ యాజిజీ వంటి గొప్ప అరబీ పండితుడు రాతపని చేసేవాడు.

1820లో అక్కా పాషా ఎక్కువ సొమ్ము అడిగాడు. అమీర్ ఆ భారాన్ని రైతులపై మోపాడు. రైతులు అంతెలియాస్‌లో సమావేశమై, ఊరూరికీ తమ ప్రతినిధిని ఎన్నుకుని, మామూలు శిస్తుకు మించి ఒక్క పైసా కట్టమన్నారు. చదువురాని కొండవాళ్ళు చేసిన ఈ పని, నా దృష్టిలో ఆ భవనం కంటే గొప్పది. బషీర్ కొంతకాలం కొండ దిగిపోవలసి వచ్చింది. తర్వాత ఈజిప్టు వెళ్ళి అక్కడి పాలకుడు మహమ్మద్ అలీ స్నేహం సంపాదించాడు.

1831లో ఈజిప్టు సేనలు అక్కాను ముట్టడించగా బషీర్ వారి పక్షం చేరాడు. దానితో కొండకు కొత్త పన్నులు, నిర్బంధ సైనిక భర్తీ వచ్చాయి. చివరకు ఆయుధాలు కూడా అప్పగించమన్నారు. 1840లో క్రైస్తవులు, డ్రూజులు, ముస్లిములు అదే అంతెలియాస్‌లో కలిసి ప్రమాణం చేశారు. బ్రిటిష్, ఆస్ట్రియా నౌకలు కూడా వచ్చేసరికి ఆట ముగిసింది. అక్టోబరులో బషీర్ లొంగిపోయాడు. ఆయన్ని మాల్టాకు పంపారు. తర్వాత ఇస్తాంబుల్ చేరి, 1850లో అక్కడే కన్నుమూశాడు. 1842లోనే షిహాబుల అమీర్ పదవి రద్దయింది.

లెబనాన్ స్వతంత్రమయ్యాక, 1947లో ఆయన అస్థికలను తెచ్చి బైతుద్దీన్ తోటలో షమ్స్ సమాధి వద్ద ఉంచారు. ఆ వంశానికే చెందిన ఫువాద్ షిహాబ్ 1958 నుండి 1964 వరకు ఆ దేశాధ్యక్షుడు.