మెత్తని స్ప్రింగుల మేధావి - కాలిన్ చాప్‌మన్

కల్యాణదుర్గం రోడ్డులో శెనక్కాయ మూటల లారీ ఎక్కినవారికి, అదే లారీ ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు కూడా ఎక్కి ఉంటే, నేను చెప్పబోయే సంగతి సులభంగా బోధపడుతుంది. గుంతలు అవే, కమాన్ పట్టీలు అవే. నిండు లారీ తూగుతూ పోతుంది. ఖాళీ లారీ ఎగిరెగిరి పడి నడుములు విరగ్గొడుతుంది. టన్నులు మోయడానికి పెట్టిన స్ప్రింగు, పైన బరువు లేకపోతే వంగదు. తేలిక కారుకు మెత్తని స్ప్రింగే తగినదని కార్లు కట్టి చూపించినవారిలో నాకు అందరికన్నా ఇష్టుడు కాలిన్ చాప్‌మన్.

ఆయన 1928 మే 19న లండన్ దగ్గరి రిచ్‌మండ్‌లో జన్మించాడు. తండ్రి హోటలు నడిపేవాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయన చదివింది మన మెకానికల్ కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరింగు. లెక్కల్లో ఒకసారి తప్పి, మళ్లీ రాసి డిగ్రీ తెచ్చుకున్నాడు. (సప్లిమెంటరీ మిత్రులు గమనించ ప్రార్థన!) 1948లో పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి తన మొదటి కారు కట్టాడు. 1952లో, కాబోయే భార్య హేజెల్ అప్పిచ్చిన 25 పౌన్లతో లోటస్ కంపెనీ పెట్టాడు.

మలుపులో కారు ఒరగకూడదంటే స్ప్రింగు గట్టిగా ఉండాల్సిందేనని చాలామంది అనుకునే రోజులవి. కానీ గట్టి స్ప్రింగుతో గతుకు తగిలితే చక్రం గాల్లోకి లేస్తుంది. నేలను తాకని చక్రానికి పట్టు ఎక్కడిది? చాప్‌మన్ స్ప్రింగును మెత్తగా ఉంచి, ఊపును ఆపే పని డాంపరుకు అప్పగించాడు. ఒరుగుడును, గరిమనాభిని కిందికి దించీ, చక్రాల్ని పట్టే కడ్డీల అమరికతోనూ అదుపు చేశాడు. 1957 నాటి ఎలీట్, 1962 నాటి ఎలాన్ ఆ దారిలో వచ్చినవే. ఎలాన్ బరువు 700 కిలోల లోపే.

లెక్క చిన్నదే. చక్రానికి 300 కిలోలు పడే కారు స్ప్రింగును 150 కిలోలు పడే కారుకు బిగిస్తే, కారు ఊగే వేగం 1.4 రెట్లవుతుంది. పాత హాయి కావాలంటే స్ప్రింగు గట్టిదనం సగం కావాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. తేలిక కారులో ఇద్దరు కూర్చుంటే మెత్తని స్ప్రింగు బాగా కుంగుతుంది. అది కుంగడానికి చోటు ముందే ఉంచుకోవాలి. మన రోడ్ల మీదైతే మరీనూ.

పందేల్లో లోటస్‌కు ఏడుసార్లు ఫార్ములా వన్ కన్‌స్ట్రక్టర్ల టైటిల్ దక్కింది. కానీ తేలిక మీది మోజు స్ప్రింగు దగ్గర ఆగలేదు. బలహీనమైన భాగాలతో తనకు నమ్మకం చిక్కడం లేదని జోకెన్ రింట్ 1969లోనే చాప్‌మన్‌కు ఉత్తరం రాశాడు. 1970 సెప్టెంబరు 5న మోంజాలో లోటస్ నడుపుతూనే చనిపోయాడు. ముందు బ్రేకు షాఫ్టు విరిగిందని విచారణలో చెప్పారు. స్ప్రింగును మెత్తన చేయడం వేరు, షాఫ్టును పలుచన చేయడం వేరు. ఇక్కడ మాత్రం నేను ఆయన్ను వెనకేసుకు రాలేను. డెలోరియన్ కంపెనీ సొమ్ము వ్యవహారంలోనూ ఆయన పేరుకు మచ్చ వచ్చింది.

తమాషా ఏమంటే, ఆ మెత్తని స్ప్రింగును ఆయనే వదులుకోవలసి వచ్చింది. 1978లో గెలిచిన లోటస్ 79 కారును కిందినుంచి పారే గాలి నేలకు అదిమి పట్టేది. కారు ఎత్తు మారకూడదు గనక అటువంటి కార్లకు రానురాను రాయిలాంటి స్ప్రింగులే గతి అయ్యాయి. డ్రైవర్ల ఒళ్లు హూనమైపోయేది. అందుకని 1981లో లోటస్ 88 కారుకు రెండు ఛాసిస్‌లు పెట్టాడు. గాలి ఒత్తిడిని ఒకటి తిన్నగా చక్రాలకు దించుతుంది, డ్రైవరున్న రెండోది మెత్తని స్ప్రింగుల మీద తేలుతుంది. అధికారులు దాన్ని పందెంలో దిగనివ్వలేదు. అప్పుడు స్ప్రింగు పని హైడ్రాలిక్కులకూ, కంప్యూటరుకూ అప్పగించే ప్రయత్నం మొదలుపెట్టించాడు. 1982 డిసెంబరు 16న గుండెపోటుతో మరణించాడు. అప్పటికి 54 ఏళ్లు. ఆ కొత్త అమరికతో లోటస్ 92 బ్రెజిల్ పందెంలో దిగింది 1983లో.