క్వీన్ విక్టోరియా: కోహినూర్ ఉన్నా.. 40 ఏళ్లు భర్త జుట్టునే దాచుకున్న రాణి! ఆ శవపేటికలో రహస్యం ఏంటంటే..

కోహినూర్ వజ్రం ఆమెదే. మన పల్నాడులోని కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఆ వజ్రం 1850లో బ్రిటన్ రాణి విక్టోరియా చేతికి చేరింది. కానీ ఆమె ప్రాణంలా చూసుకున్న నగలు వేరే ఉన్నాయి. వాటిలో ఉన్నవి తల వెంట్రుకలు. వినడానికి వింతగా ఉన్నా.. దాని వెనుక ఓ కన్నీటి కథ ఉంది.

18 ఏళ్లకే సింహాసనం

1819 మే 24న లండన్‌లో పుట్టిన విక్టోరియా, 1837లో పద్దెనిమిదేళ్లకే రాణి అయ్యారు. జర్మనీకి చెందిన మేనమామ కొడుకు ఆల్బర్ట్‌ను ఇష్టపడ్డారు. రాణి కాబట్టి పెళ్లి మాట ఆమే ముందు అడగాలి.. అలాగే అడిగారు. 1840 ఫిబ్రవరి 10న పెళ్లి. మొత్తం తొమ్మిది మంది పిల్లలు. ఒక్కో బిడ్డ పుట్టినప్పుడల్లా ఓ చిన్న ఎనామెల్ హృదయం చేయించి, అందులో ఆ బిడ్డ జుట్టు పెట్టి రాణి బ్రేస్‌లెట్‌కు తగిలించారు. అలా తొమ్మిది హృదయాలు చేరాయి. అప్పటికి జుట్టు నగ అంటే ప్రేమ గుర్తు.

1861.. అంతా తలకిందులు

ఆ ఏడాది మార్చిలో తల్లి చనిపోయారు. ఆ బాధ నుంచి తేరుకోకముందే మరో దెబ్బ. ఓ నటితో పెద్ద కొడుకు వ్యవహారం బయటపడటంతో, అతడితో మాట్లాడేందుకు ఆల్బర్ట్ ఒంట్లో బాగోకపోయినా కేంబ్రిడ్జ్ వెళ్లారు. తిరిగొచ్చాక మంచం పట్టారు. డాక్టర్లు టైఫాయిడ్ అన్నారు. డిసెంబర్ 14న విండ్సర్ కోటలో కన్నుమూశారు. వయసు 42 ఏళ్లే. కొడుకు వల్లే భర్త పోయాడన్న కోపం రాణిని చాలా ఏళ్లు వదల్లేదు.

ఆ రోజు నుంచి ఆమె నలుపు దుస్తులే వేసుకున్నారు. భర్త గదిలో రోజూ బట్టలు సిద్ధం చేయించేవారు, వేడినీళ్లు పెట్టించేవారు. ఒనిక్స్ నల్లరాయిపై వజ్రాల నక్షత్రం పొదిగిన లాకెట్ ఒకటి చేయించుకున్నారు. లోపల ఆల్బర్ట్ జుట్టు, ఫొటో ఉంటాయి.

జుట్టే ఎందుకు?

శరీరం మట్టిలో కలిసినా జుట్టు చాలా ఏళ్లు పాడవదు. అందుకే అప్పటి ఇంగ్లండ్‌లో పోయినవారి గుర్తుగా దాన్ని దాచేవారు. వెంట్రుకలను శుభ్రంగా ఉడికించి, పొడవును బట్టి వేరుచేసి, చివర్లకు బరువులు కట్టి గుండ్రటి బల్లపై అల్లేవారు. వాచీ గొలుసులు, గాజులు, బ్రోచ్‌లు తయారయ్యేవి. షాపులో జుట్టు మార్చేస్తారేమోనన్న భయంతో కొందరు ఆడవాళ్లు ఇంట్లోనే అల్లుకునేవారు. రాణి ఏళ్ల తరబడి సంతాపంలో ఉండటంతో ఈ అలవాటు మరింత పెరిగింది. విట్బీ ఊళ్లో దొరికే జెట్ అనే నల్లటి శిలాజ కలపకూ గిరాకీ వచ్చింది.

అయితే జనం ఓపిక మాత్రం తగ్గింది. రాణి కనిపించకపోతే రాజరికం ఎందుకని ప్రశ్నించారు. 1870 నాటికి రాజరికాన్ని రద్దు చేయాలనే క్లబ్బులు కూడా పుట్టాయి. తర్వాత ఆమె మెల్లగా బయటకు వచ్చారు కానీ, నలుపు మాత్రం వదల్లేదు.

చివరి కోరిక

1901 జనవరి 22న ఆస్బోర్న్ హౌస్‌లో విక్టోరియా కన్నుమూశారు. తన శవపేటికలో ఏమేం పెట్టాలో ముందే రాసిపెట్టారు. 40 ఏళ్లు నలుపు కట్టిన రాణికి తెల్లటి దుస్తులు వేసి, పెళ్లినాటి మేలిముసుగు కప్పారు. ఆల్బర్ట్ గౌను, ఆయన చేతి ప్లాస్టర్ అచ్చు పక్కనే ఉంచారు.

అసలు రహస్యం ఎడమ చేతిలో ఉంది. వితంతువుగా ఉన్న రోజుల్లో తోడుగా నిలిచిన స్కాట్లాండ్ సేవకుడు జాన్ బ్రౌన్ 1883లో చనిపోయారు. ఆయన ఫొటో, జుట్టు ఆమె చేతిలో పెట్టి, కుటుంబం కంట పడకుండా డాక్టర్ జేమ్స్ రీడ్ పూలు కప్పేశారు. రాణి ఆజ్ఞ అది. ఈ సంగతి రీడ్ రాసుకున్న కాగితాల ద్వారా చాలాకాలం తర్వాత లోకానికి తెలిసింది.

ఫిబ్రవరి 4న ఫ్రాగ్‌మోర్‌లో ఆల్బర్ట్ పక్కనే ఆమెను సమాధి చేశారు. కోహినూర్ మాత్రం కిరీటంతోనే ఉండిపోయింది.